పగ్గములేని బొమ్మవిమానములు

1931లో నిజాంసాగరము పూర్తియై మంజీరా జలములు పొలములకు పారగా, చెరకుసాగు విస్తరించి, బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. తలకు మించి యెదిగిన చెరకులో మందు చల్లుట యెంత దుష్కరమో ఆ సీమ రైతులెరుగుదురు. కావుననే డ్రోను నేడు వారికి వినోదవస్తువు కాక సేద్యసాధనముగా కనబడుచున్నది.

అయినను మానవరహిత విమానము కొత్తది కాదు. 1871 ఆగస్టులో పారిస్‌నగరపు ట్విలరీ తోటలో ఆల్ఫాన్స్ పెనో యెగురవైచిన రబ్బరుపురి బొమ్మవిమానమునకు, చేయి విడిచిన పిదప నడపువాడే లేడు. తోక యమరికయే దానిని నిలకడగా నడపెను. 1914లో లారెన్స్ స్పెర్రీ గైరోస్కోపు సాయమున విమానమును స్థిరపరచి చూపెను. నిలకడ నిచ్చు యంత్రము వేఱు, గమ్యమును తానే నిర్వహించు యంత్రము వేఱు. ఈ భేదమును పాటింపని నియమము నిరుపయోగమని నా దృఢాభిప్రాయము.

మన దేశమున 2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోన్ నియమావళి ఈ గీతను గీచినది: గమననిర్వహణలో పైలటు ప్రమేయ మక్కఱలేనిది స్వయంచాలకము; 25 కిలోగ్రాములకు మించక, విద్య, పరిశోధన, రూపకల్పన, పరీక్ష, వినోదములకు మాత్రమే దూరమునుండి కంటిచూపు మేరలో నడపబడునది నమూనా విమానము. నమూనాకు రకపు ధ్రువపత్రము (టైప్ సర్టిఫికెట్) నుండి మినహాయింపు కలదు. చెరకుపై మందు చల్లు డ్రోనునకు నమూనాయన్న పేరిట ఆ మినహాయింపు లభింపదు.