నీళ్ల కింద నడిసిన ఓడ

పొయ్యికి జర ఎడంగ కూసోర్రి పొల్లగాండ్లూ. పసుపు ఇంకో రెండు కడాయిలు ఉడకాలె, అందాక విశాఖపట్నం ముచ్చట చెప్త.

అప్పటికి మన మెట్‌పల్లికి రైలు రాలే. బస్సుల వరంగల్ పోయి, గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లారి దిగినం, నేను, మీ బాపమ్మ. మాకు నీళ్లంటే ధర్మపురి గోదారి, ఎస్సారెస్పీ కాల్వ. సముద్రం చూసుడు గదే మొదలు. మీ బాపమ్మ ఒడ్డున నిలవడి దండం వెట్టింది.

ఆర్కే బీచ్ ఇసుక మీదనే ఉన్నది కుర్సుర. నీళ్ల కింద పోయే యుద్ధనౌక, సబ్‌మెరైన్ అంటరు. 91 మీటర్ల పొడుగు. చూపెట్టినాయన నేవీల నౌకరి చేసి దిగిపోయినాయన. ఒక అర్రల నుంచి ఇంకో అర్రలకు పోవాలంటే గుండ్రటి కంతల నుంచి దూరాలె. ముందుగాల ఒక కాలు వెట్టి, నడుం వంచి, తలకాయ కాపాడుకుంట అవుతలికి జారాలె. నేను కిందమీద అయితుంటె మీ బాపమ్మ కుచ్చిళ్లు ఎగజెక్కి నాకన్న ముందు దాటింది!

ముందట ఆరు, వెనుక నాలుగు టార్పెడో గొట్టాలు. ఓడలను పేల్చే టార్పెడోలు పెట్టే అర్రలల్లనే మనుషులు పండే మంచాలు. ఒకదాని మీద ఒకటి, పక్కకు తిరుగుడే కష్టం. గిసొంటి దాంట్ల డెబ్బై మందికి పైన బతికిండ్రు. పొద్దు పొడిసింది, గూకింది తెల్వది. తాన జేయ నీళ్లు దొరకయి. డీజిల్ ఇంజన్లు నడవాలంటే గాలి కావాలె గద, అందుకని పైకొచ్చి బ్యాటరీలు నింపుకొని, మల్ల కిందికి పోయి వాటి మీద నడిసేది. ఆ మంచం మీద చెయ్యి వెట్టి చూసిన బిడ్డా. గిక్కడ పండుకొని దేశాన్ని కాసిండ్రా అని గుండె నిండింది.

1969 డిసెంబరుల రష్యావోళ్ల కింద ఉన్న రీగాల మన నేవీల చేరిందట. అప్పుడు సూయజ్ కాల్వ బందు. అందుకని స్వీడన్‌ల గోథెన్‌బర్గ్ రేవుల ఆగి, ఆఫ్రికా అంత చుట్టి మన దేశం జేరింది. రెండేండ్లు గాకముందే 1971 యుద్ధమొచ్చె, దాంట్ల గూడ పోయింది.

స్వీడన్ అంటే ఇంకోటి యాదికచ్చె. అక్కడ కొలువు జేసే మనూరి పోరడు ఫోన్ల వాసా అనే ఓడను చూపెట్టిండు. వాళ్ల రాజు ఎంతో సోకుగ, ఫిరంగులు నింపి చేయిస్తే, మీద బరువెక్కువై 1628ల మొదటి రోజే రేవుల మునిగిందట. మూడువందల ఏండ్లు దాటినంక, 1961ల పైకి తీసి మ్యూజియంల వెట్టిండ్రు. దాన్ని చూస్తే అయ్యో అనిపిస్తది. మన కుర్సుర 31 ఏండ్లు తిరిగింది, 73,500 నాటికల్ మైళ్లు. 2001 ఫిబ్రవరిల నౌకరి ఇడిసింది, 2002 ఆగస్టుల జనానికి తెరిసిండ్రు. గసొంటి దాన్ని ఇనుముకు అమ్ముకోక ఒడ్డుకు గుంజుకొచ్చి నిలవెట్టినోళ్లకు నేనైతే మొక్కుత.

మీరు గూడ పోర్రి. సోమారం బందుంటది, మంగళారం చూసుకొని పోర్రి. రోడ్డుకు అవుతల 2017 సంది నేవీ విమానం టీయూ-142 గూడ ఉన్నది. లోపల చూపెట్టేటాయనతోని ఊకె ఫొటోలు దిగకుర్రి, నీళ్ల కింద ఎట్ల బతికిండ్రో అడగుర్రి. అడిగితే మస్తు చెప్తరు.