సీలు కాదు, బ్రీదరు చూడండి

బండి కింద నల్లటి మరక కనబడగానే ‘ఆయిల్ సీల్ పోయింది’ అనేయడం మనకు పాత అలవాటు. అది ఊరికే రాలేదు. ఒకప్పుడు చాలా బళ్లలో సంగతి అదే. నేను ఆర్టీసీ గ్యారేజీలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు అపార్ట్‌మెంటు సెల్లారులో మా ఇంటి డీజిల్ కారు పనులు చూసుకుంటున్నాను. సీళ్లూ ప్యాకింగులూ మార్చీ మార్చీ నాకు అర్థమైంది ఒకటే: టర్బో బండి కారుతుంటే ముందు అనుమానించాల్సింది సీలును కాదు. ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

పాత ఇంజన్లు కారతాయని తయారుచేసినవాళ్లకే తెలుసు. మన అంబాసిడర్‌ను ఏళ్ల తరబడి లాగిన 1489 సీసీ బీఎంసీ పెట్రోలు ఇంజనులో క్రాంక్ షాఫ్ట్ వెనక చివర రబ్బరు సీలే లేదు. షాఫ్టు మీద మరలాగా గాడి చెక్కి ఉంటుంది. షాఫ్టు తిరిగినంతసేపూ ఆ గాడి ఆయిల్‌ను లోపలికి తోస్తుంది; ఇంజను ఆపితే ఆ పనీ ఆగుతుంది, చుక్క బయటికొస్తుంది. అదే కంపెనీ మోరిస్ మైనర్‌లో క్లచ్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం పెట్టి, అందులో స్ప్లిట్ పిన్నును వదులుగా వేలాడదీశారు. బండి అదురుకు పిన్ను ఊగుతూ, రంధ్రం మట్టితో పూడకుండా చూస్తుంది. కారక మానదని తెలిసి దారి విడిచిపెట్టారన్నమాట.

సీలు కథ తోలుతో మొదలైందంటే ఆశ్చర్యపోతారు. జర్మనీలోని వైన్‌హైమ్‌లో తోళ్లు ఊనే ఫ్రాయిడెన్‌బర్గ్ కంపెనీ 1929లో తోలుతో సీళ్లు చేయడం మొదలుపెట్టింది. వాల్టర్ సిమ్మర్ అనే ఇంజనీరు పేరు మీద ‘సిమ్మర్‌రింగ్’ అక్కడ పుట్టిందే. 1936 నుంచి తోలు స్థానంలోకి కృత్రిమ రబ్బరు వచ్చింది. డెన్మార్క్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన నీల్స్ క్రిస్టెన్‌సెన్‌కు ఓ-రింగు మీద 1939లో పేటెంటు దక్కింది. ఆ తర్వాత సీళ్లు రానురాను మెరుగుపడ్డాయి. అయినా కారడం ఆగలేదు, ఎందుకంటే తోసే గాలి ఇంజను లోపలే ఉంది.

పిస్టన్ రింగుల్ని దాటి కొంత మండిన గాలి ఎప్పుడూ అడుగునున్న ఆయిల్ చాంబరులోకి దిగుతూనే ఉంటుంది. అది ఎక్కువైతే మన మెకానిక్కులు ‘బ్యాక్ కంప్రెషన్’ అంటారు. పూర్వం ఆ గాలిని ఒక గొట్టంతో బండి కిందికి, రోడ్డు మీదికే వదిలేసేవాళ్లు. లాస్ ఏంజెలెస్ పొగమంచుకు కారణాలు వెతుకుతూ శాస్త్రవేత్త హాగెన్-స్మిట్ 1950ల మొదట్లో వేలు చూపింది బళ్లూ రిఫైనరీలూ వదిలే హైడ్రోకార్బన్ల వైపు. 1961లో కాలిఫోర్నియా పీసీవీ వాల్వును తప్పనిసరి చేసింది. చాంబరు గాలిని మళ్లీ ఇంజనే పీల్చి కాల్చేయాలి. ఊరి గాలికి మంచిదే. కానీ ఇకమీదట బ్రీదరు పైపనే ఆ దారి మడ్డితో మూసుకుపోతే లోపలి గాలికి వేరే దిక్కు లేదు. ఏ సీలు బలహీనంగా ఉంటే దాన్ని తోసుకుని వస్తుంది.

టర్బో వచ్చాక ఈ చిక్కు రెట్టింపైంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషీ 1905లోనే పేటెంటు తీసుకున్నా, అమ్మకానికి వచ్చిన కార్లలో టర్బో కనబడింది 1962లో, ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవ్రొలే కోర్వేర్‌లలో. మన ఇళ్లకు అది ఎక్కువగా డీజిల్‌తో వచ్చింది: 1998లో టాటా సఫారీ, 2007లో ఫియట్ 1.3 మల్టీజెట్ ఇంజనుతో మారుతి స్విఫ్ట్. టర్బో షాఫ్టు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. ఆ వేగానికీ వేడికీ రబ్బరు నిలవదు కాబట్టి అక్కడ ఉండేవి సన్నటి లోహపు రింగులే. ఆయిల్ సన్న పైపులో ఒత్తిడితో వస్తుంది, లావు పైపులో తన బరువుతో చాంబరులోకి జారుతుంది. చాంబరులో గాలి బిగిస్తే జారాల్సిన ఆయిల్ వెనక్కి తంతుంది, రింగుల్ని దాటి గాలి పైపులోకో సైలెన్సరులోకో పోతుంది. నీలం పొగ వస్తుంది. ‘టర్బో పోయింది’ అని ఎస్టిమేటు చేతికొస్తుంది. ఇంటర్‌కూలర్ పైపులో పల్చటి ఆయిల్ జిడ్డు మాత్రం మామూలే. బ్రీదరు ఆవిరి అటే పోతుంది. దాన్ని చూసి భయపడక్కర్లేదు.

నేను చేసే పద్ధతి ఇది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు కిరోసిన్, బ్రష్షుతో జిడ్డంతా కడిగి, బనియన్ వేస్టుతో పొడిగా తుడుస్తాను. అతుకుల మీద టాల్కం పౌడరు చల్లి బండిని ఓ చుట్టు తిప్పుకొస్తాను. బండి కిందికి దూరాలంటే జాకీ ఒక్కటే చాలదు, స్టాండ్లు పెట్టాల్సిందే. తెల్లటి పౌడరులో నల్లటి గీత ఎక్కడ మొదలైందో టార్చితో చూస్తాను. ఆయిల్ కిందికి జారుతుంది, గాలి దాన్ని వెనక్కి ఈడుస్తుంది. కాబట్టి మరక ఎక్కడున్నా, అన్నిటికంటే పైన, ముందున్న తడే అసలు చోటు. చాంబరు బోల్టు దగ్గర చుక్క కనబడినా గీత పట్టుకుని పోతే ట్యాపెట్ కవరు ప్యాకింగు దగ్గర తేలడం మామూలు.

చోటు దొరికింది గదా అని స్పానరు పట్టను. వేడెక్కిన ఇంజనును ఐడిలింగులో పెట్టి, డిప్‌స్టిక్ తీసి, ఆ గొట్టానికి పల్చటి చేతి తొడుగును రబ్బరు బ్యాండుతో బిగిస్తాను, బెల్టుకు దూరంగా. తొడుగు వేలాడుతూ ఉన్నా, కాస్త లోపలికి పీల్చుకున్నా ప్యాకింగు మార్చుకోవచ్చు. ఉబ్బి నిలబడిందంటే ముందు బ్రీదరు పైపు విప్పి కడగాలి. కడిగినా ఉబ్బుతుంటే పిస్టన్ రింగుల సంగతి చూడాలి. ఆ గాలి ఉండగా ఎంత మంచి సీలు వేసినా డబ్బు దండగే.

అందుకే ఎవరైనా ఫోను చేసి ‘టర్బో మార్చాలంటున్నారు’ అంటే నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: బ్రీదరు విప్పి చూశారా? పైపు కడగడానికి అయ్యేది కాస్త కిరోసిన్ ఖర్చు. టర్బో మార్చాలంటే వేలకు వేలు.