చిత్రాంగి గుర్తుంది, అమ్మంగదేవి ఏదీ?

రాజమండ్రిలో సారంగధర మెట్ట తెలియనివాళ్ళుండరు. సవతి తల్లి చిత్రాంగి కోరికను కాదన్నందుకు, ఆమె మోపిన నిందను నమ్మి రాజరాజనరేంద్రుడు కన్నకొడుకు కాళ్ళూ చేతులూ నరికించింది అక్కడేనంటారు. చిన్నప్పుడు ఆ వైపు వెళ్ళినప్పుడల్లా మా అమ్మమ్మ ఈ కథ చెప్పేది. చివర "ఆడదాని బుద్ధి..." అని ఆపేసేది. ఆ వాక్యాన్ని పూర్తి చెయ్యాల్సిన అవసరం ఆమెకెప్పుడూ రాలేదు. మిగతాది వినేవాళ్ళందరికీ తెలుసు.

సారంగధరుడి కథను 15వ శతాబ్దంలో గౌరన రాశాడు, 17వ శతాబ్దంలో చేమకూర వెంకటకవి కావ్యం చేశాడు. తర్వాత నాటకాలు వచ్చాయి. 1957 నాటి సినిమాలో భానుమతి చిత్రాంగిగా నటించింది. ఇన్ని శతాబ్దాలు, ఇన్ని ప్రక్రియలు ఈ ఒక్క స్త్రీని గుర్తుపెట్టుకున్నాయి. అయితే రాజరాజు వంశం గురించి చెప్పే రాగిశాసనాల్లో ఈమె కనిపించదు. అక్కడున్న రాణి పేరు అమ్మంగదేవి. ఆమె పేరు మీద మన ఊళ్ళో మెట్టా లేదు, మేడా లేదు.

అమ్మంగదేవి ఎవరో తెలియాలంటే ఆమె అత్తగారి నుంచి మొదలుపెట్టాలి. 973లో వేంగి రాజు దానార్ణవుణ్ణి జటాచోడ భీముడు చంపి రాజ్యం తీసుకున్నాడు. దానార్ణవుడి కొడుకులు శక్తివర్మ, విమలాదిత్యుడు చోళుల పంచన చేరారు. దాదాపు 27 ఏళ్ళ తర్వాత రాజరాజ చోళుడి సైన్యం అండతో శక్తివర్మ సింహాసనం ఎక్కాడు. చోళరాజు తన కూతురు కుందవను విమలాదిత్యుడికిచ్చి పెళ్ళి చేశాడు. సారవంతమైన ఈ డెల్టా ఎవరి చేతిలో ఉంటే తూర్పుతీరం వాళ్ళది. కల్యాణి చాళుక్యులకూ అది కావాలి, చోళులకూ కావాలి. సైన్యాన్ని ఎల్లకాలం ఇక్కడే ఉంచలేరు. కూతుర్ని మాత్రం ఉంచొచ్చు.

కుందవ కొడుకే మన రాజరాజనరేంద్రుడు. ఆయనకు పెట్టింది తల్లి తండ్రి పేరు. ఆయన పెళ్ళాడింది మేనమామ రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవిని. వాళ్ళ కొడుక్కి మళ్ళీ తల్లి తండ్రి పేరే, రాజేంద్రుడని. అతను కూడా మేనమామ కూతురు మధురాంతకినే చేసుకున్నాడు. వరసగా రెండు తరాల మేనరికం. తూర్పు గోదావరి ప్రాంతంలోని చెల్లూరులో దొరికిన రాగిరేకులు ఈ ముగ్గురి పేర్లూ చెబుతాయి. చెప్పే పద్ధతి మాత్రం ఒకటే. ఫలానా రాజు కూతురు, ఫలానా రాజు భార్య, ఫలానా రాజు తల్లి. మనిళ్ళల్లో మేనరికాన్ని ఆస్తి బయటికి పోకుండా ఉండడానికి అంటాం కదా. అక్కడ ఆస్తి పేరు రాజ్యం, అంతే తేడా.

ఈ పెళ్ళిళ్ళు శాంతిని తెచ్చాయా? విమలాదిత్యుడికి మరో రాణి వల్ల పుట్టిన కొడుకు విజయాదిత్యుడు. రాజరాజు వెనక మేనమామ సైన్యం ఉంటే, విజయాదిత్యుడి వెనక కల్యాణి చాళుక్యులు నిలబడ్డారు. 1022లో రాజరాజు పట్టాభిషిక్తుడయ్యాక కూడా ఆ పోరు ఆగలేదు. రాజేంద్ర చోళుడు పంపిన ముగ్గురు సేనానులు యుద్ధంలో చనిపోతే, వాళ్ళ జ్ఞాపకార్థం కలిదిండిలో మూడు శివాలయాలు కట్టించారు. యుద్ధంలో ప్రాణమిచ్చినవాళ్ళకు గుడులు దక్కాయి. సంధి కోసం పుట్టిల్లు వదిలి వచ్చినవాళ్ళకు వంశవృక్షంలో ఒక్కో పేరు దక్కింది.

ఇది మన ఒక్కరి కథ కాదు. అవే సంవత్సరాల్లో ఇంగ్లండును చూడండి. వైకింగుల దాడులతో సతమతమవుతున్న ఆంగ్లో-సాక్సన్ రాజు ఎథెల్‌రెడ్ 1002లో నార్మండీ పాలకుడి చెల్లెలు ఎమ్మాను పెళ్ళాడాడు. వైకింగుల ఓడలకు ఆ రేవుల్లో చోటు దొరక్కుండా చెయ్యాలని ఆశ. ఇలాంటి పెళ్ళికూతుర్ని ప్రాచీన ఆంగ్ల కవిత్వం 'శాంతిని నేసే స్త్రీ' అని పిలిచింది. నేత నిలవలేదు. 1016లో డేన్ల రాజు క్నూట్ దేశాన్ని గెలుచుకున్నాడు, 1017లో వితంతువైన ఎమ్మాను పెళ్ళి చేసుకున్నాడు. 1035లో అతను చనిపోగానే, మరో భార్య కొడుకు హెరాల్డ్‌కూ ఎమ్మా కొడుకు హార్తక్నూట్‌కూ మధ్య సింహాసనం కోసం పోరు మొదలైంది. మొదటి పెళ్ళి వల్ల పుట్టిన ఆమె కొడుకు ఆల్‌ఫ్రెడ్‌ కళ్ళు పొడిచేశారు. 1036లో ఆ గాయాలతోనే అతను చనిపోయాడు. వేంగిలోలాగే సవతి సోదరుల యుద్ధమిది. ఇద్దరు భార్యల్ని తెచ్చుకున్న రాజు పోయాడు, మూల్యం మిగిలినవాళ్ళు చెల్లించారు.

అయితే ఎమ్మా ఒక పని చేసింది. 1041-42లో ఒక సన్యాసి చేత లాటిన్‌లో తన పుస్తకం రాయించుకుంది. అందులో మొదటి భర్త ఎథెల్‌రెడ్ పేరే లేదు. తన జీవితంలో ఏది చెప్పాలో ఏది వదిలెయ్యాలో ఆమే నిర్ణయించుకుంది. ఆ మాట చెల్లించుకోగల సంపద, భూములు ఆమెకున్నాయి. 1043లో కన్నకొడుకు ఎడ్వర్డే వచ్చి ఆ ఖజానా లాక్కున్నాడనుకోండి, అది వేరే విషయం.

మన దగ్గర కూడా సొంత చేతులతో ఇచ్చిన స్త్రీ శాసనంలో వేరుగా కనిపిస్తుంది. 10వ శతాబ్దంలో రెండవ అమ్మరాజు ఇచ్చిన కలుచుంబర్రు శాసనం చూడండి. అత్తిలినాడులోని ఆ గ్రామాన్ని జైనాచార్యుడు అర్హనందికి ఇప్పించింది పట్టవర్ధిక కుటుంబానికి చెందిన చామెకాంబ. ఆమె గణిక, ఆ ఆచార్యుడి శిష్యురాలు. ఆమె అక్కడ ఎవరి తల్లిగానో రాలేదు. దానం చేయించిన మనిషిగా వచ్చింది. పట్టపురాణులకు దక్కని క్రియాపదం ఒక గణికకు దక్కింది.

1066లో నార్మండీ విలియం ఇంగ్లండును జయించాడు. సింహాసనంపై తనకు హక్కుందనడానికి అతను చూపిన చుట్టరికం ఎమ్మా ద్వారా వచ్చిందే, ఆమె అతని తాతకు తోబుట్టువు. 1070లో అమ్మంగదేవి కొడుకు చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగుడయ్యాడు. తండ్రి వైపు చూస్తే అతను చాళుక్యుడు, చోళ రక్తం తల్లిది. వారసత్వం మగవాళ్ళదేనని చెప్పే వ్యవస్థ, అవసరం పడితే ఆడవాళ్ళ నుంచి హక్కు తీసుకోవడానికి ఏ మాత్రం జంకలేదు.

తర్వాత తరాలు వాళ్ళనెలా గుర్తుపెట్టుకున్నాయి? ఎమ్మా పోయిన శతాబ్దం తర్వాత ఒక కథ పుట్టింది. ఒక బిషప్‌తో సంబంధం అంటగడితే, ఎర్రగా కాల్చిన నాగటి కర్రుల మీద నడిచి ఆమె తన పవిత్రతను నిరూపించుకుందట. అమ్మంగదేవికి ఆ నింద కూడా రాలేదు. ఆమె చోటులో చిత్రాంగి వచ్చి కూర్చుంది.

ఇప్పుడు చిత్రాంగి కథను మళ్ళీ చదివితే నాకు వేరే విషయం కనిపిస్తోంది. చాలా కథనాల్లో ఆమెకు చూపించింది యువకుడైన సారంగధరుడి చిత్రపటాన్ని. పెళ్ళి చేసుకున్నది అతని తండ్రి. ఈ మోసం గురించి ఎవరూ తీర్పు చెప్పరు. కూతుళ్ళను సంధిపత్రాల్లా మార్చుకున్న కాలంలో ఏ అమ్మాయినీ ఎవరూ అడగలేదన్న నిజం ఆ కల్పిత కథలో మిగిలిపోయింది. దాన్ని మనం ఆమె నేరంగా వింటూ వచ్చాం.

మా అమ్మమ్మ ఇప్పుడు లేదు. ఉంటే మెట్ట దగ్గర ఆగి, చిత్రాంగిని ఎవరైనా అడిగారా అమ్మమ్మా అని అడిగేదాన్ని. ఆ తర్వాత కుందవ, అమ్మంగదేవి, మధురాంతకి పేర్లు చెప్పేదాన్ని. మేనరికపు పెళ్ళి చేసుకున్న మనిషి, ఆమెకు నేను చెప్పేది కొత్తగా ఉండేది కాదేమో.