వీధుల్లో పొగాకు నాటిన ఊరు

ఒంగోలు చుట్టుపక్కల పొగాకు రైతును ఈ ఏడు ఏం వేశావని అడిగితే ‘వర్జీనియా’ అంటాడు. బ్యారన్‌లో కాల్చి, బేళ్లు కట్టి, వేలానికి తోలుకెళ్లే ఆ ఆకు పేరు మొదట ఒక నేల పేరు. పెళ్లాడకుండా ఇంగ్లండును ఏలిన మొదటి ఎలిజబెత్‌ను ‘వర్జిన్ క్వీన్’ అనేవారు. ఆ రాణి మీదుగానే అమెరికా తూర్పు తీరానికి వర్జీనియా అని పేరు పెట్టారు.

పేరైతే పెట్టారు గానీ కాలు నిలవలేదు. 1587లో రోనోక్ దీవిలో ఆడా మగా పిల్లా కలిపి నూరుమందికి పైగా దింపారు. 1590లో ఓడ తిరిగొచ్చేసరికి ఒక్కరూ లేరు. కంచె గుంజ మీద ‘క్రొయాటోన్’ అని చెక్కిన ఒక్క మాట మిగిలింది. అది దగ్గర్లోని మరో దీవి పేరు.

రాణి పోయాక జేమ్స్ రాజు 1606లో మళ్లీ వలసకు పట్టా ఇచ్చాడు. ఈసారి పెట్టుబడి వర్జీనియా కంపెనీ వాటాదారులది. లండన్‌లో ఆ కంపెనీ వ్యవహారం నడిపించిన థామస్ స్మిత్ అనే వర్తకుడే ఈస్టిండియా కంపెనీకి తొలి గవర్నరు కూడా. ఆయన హయాంలోనే ‘గ్లోబ్’ అనే ఓడ 1611లో మన నిజాంపట్నం, మచిలీపట్నం రేవులకు వచ్చింది. ఇక్కడ వాళ్లు సుంకం కట్టి, అద్దకం బట్టలు బేరమాడే వర్తకులు. అక్కడ మాత్రం నేల తమదేనని రాజుగారి కాగితం పట్టుకుని దిగిన ఆసాములు.

1607 మే నెలలో జేమ్స్ నది ఒడ్డున 104 మంది మగవాళ్లు, కుర్రాళ్లు దిగారు. లోతు బాగా ఉండి ఓడల్ని ఒడ్డునున్న చెట్లకే కట్టేయొచ్చని ఆ చోటు ఎంచి, కోట కట్టుకుని, జేమ్స్‌టౌన్ అని పేరు పెట్టారు. తాగేది సముద్రపు పోటు కలిసిన ఉప్పునీరు. చుట్టూ చిత్తడి, దోమలు. వచ్చినవాళ్లలో సగానికి సగం మంది చేతికి మట్టంటని పెద్దింటి బిడ్డలు. తొలి శీతాకాలంలో ఓడ సరుకు మోసుకొచ్చేనాటికి 38 మంది మిగిలారు. అంత ఆకలిలోనూ, 1608లో ఓడ తిరిగి వెళ్తుంటే బంగారమనుకుని మెరిసే మట్టిని దాన్నిండా నింపి పంపారు!

సోమరిపోతులు కాబట్టి చచ్చారని వాళ్ల నాయకుడు జాన్ స్మిత్ రాశాడు. చాలాకాలం అందరూ అదే మాట పట్టుకున్నారు. అది సగం కథే. అక్కడి సైప్రస్ చెట్ల వలయాలు లెక్కగట్టిన శాస్త్రజ్ఞులు 1998లో చెప్పిందేమిటంటే, 1606 నుంచి 1612 దాకా ఆ ప్రాంతంలో వచ్చిన ఏడేళ్ల కరువు లాంటిది 770 ఏళ్లలో మరొకటి లేదు. అంటే, ఆ సీమనేలే పౌహతాన్ ప్రజల గాదెల్లోనూ మొక్కజొన్న అంతంతే. ఆ గింజల కోసం ఇంగ్లీషువాళ్లు మొదట రాగిరేకులు, పూసలు ఇచ్చారు, తర్వాత తుపాకులు చూపారు. కరువు ఇంటికి కత్తి పట్టుకుని అప్పుకెళ్తే ఎవరు మాత్రం ఎన్నాళ్లు పెడతారు?

1609 చలికాలంలో పౌహతాన్ మనుషులు కోటను చుట్టుముట్టారు. లోపల గుర్రాలు అయిపోయాయి, కుక్కలు, పిల్లులు, ఎలుకలు అయిపోయాయి. చెప్పుల తోలు ఉడకబెట్టుకున్నారు. ఆ తర్వాత ఏం తిన్నారో 2012 తవ్వకాల్లో బయటపడింది. అది పద్నాలుగేళ్ల ఇంగ్లీషు పిల్ల పుర్రె. దాని మీద కత్తిగాట్లు ఉన్నాయి. కొత్తగా వచ్చినవాళ్లతో కలిపి ఉన్న సుమారు 300 మందిలో వసంతానికి బతికింది 60 మంది. 1610 జూన్‌లో ఊరొదిలేసి ఓడలెక్కారు కూడా. నది దాటకముందే కొత్త గవర్నరు డి లా వార్ ఎదురొచ్చి వెనక్కి మళ్లించాడు. ఆయన ఒక్కరోజు ఆలస్యమై ఉంటే జేమ్స్‌టౌన్ కూడా రోనోక్ పక్కన చేరేది.

ఊరిని నిలబెట్టింది జాన్ రోల్ఫ్ నాటిన విత్తనం. అక్కడి నాటు పొగాకు ఘాటు. ఆయన స్పెయిన్ సీమల నుంచి తీపి రకం తెప్పించి 1612 ప్రాంతంలో వేశాడు. 1614లో పౌహతాన్ ప్రజల దొర కూతురు పోకహాంటస్‌ను పెళ్లాడింది ఈయనే. సినిమాలు జాన్ స్మిత్‌తో ముడిపెడతాయి గానీ, స్మిత్ వచ్చేనాటికి ఆమె పది పదకొండేళ్ల పిల్ల. ఇంగ్లీషువాళ్లు ఆమెను పట్టి తెచ్చి బందీగా ఉంచిన కాలంలో జరిగింది ఈ పెళ్లి.

లండన్‌లో పొగాకుకు ధర పలికేసరికి జనం తిండిగింజలు మానేశారు. మనిషికి రెండెకరాల మొక్కజొన్న వేశాకే పొగాకు వేయాలని గవర్నరు డేల్ ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. అయినా 1617లో వచ్చిన మరో అధికారికి జేమ్స్‌టౌన్ సంతబజారులో, వీధుల్లో కూడా పొగాకు మొక్కలే కనిపించాయి.

మొక్కలు పెరిగాయి, చేతులు చాల్లేదు. 1619 ఆగస్టు చివర ‘వైట్ లయన్’ అనే ఓడ పాయింట్ కంఫర్ట్ రేవుకొచ్చింది. పోర్చుగీసు ఓడ నుంచి కొల్లగొట్టిన ఇరవై మందికి పైగా ఆఫ్రికన్లు అందులో ఉన్నారు. ఓడవాళ్లకు తిండి నిండుకుంది. వలస గవర్నరు, సరుకుల అధికారి కలిసి ఆ మనుషుల్ని కొన్నారు. రోల్ఫే లండన్‌కు రాసిన ఉత్తరంలో ధర ఉంది. బంగారం కాదు, పొగాకు కాదు, తిండి సరుకులు.