పస్కా పచ్చడి

ముందే చెప్పేస్తున్నా, వంట విషయంలో నేను ఇంకా బీటా వెర్షనే. కోడిగుడ్డు అట్టు, టమాటా పప్పు, అంతటితో సరి. అలాంటి నేను 2025 ఏప్రిల్ 12న, చైత్ర పౌర్ణమి శనివారం నాడు, కంచికచర్లలో మా అమ్మ వంటింట్లో దూరి యూదుల పండగ వంటకం ఒకటి చేశాను. పేరు హరోసెత్. పళ్ళూ, గింజలూ కలిపి నూరిన ముద్ద. చూడ్డానికి అడుసులా ఉంటుంది. అలా ఉండాలనే చేస్తారు.

ఈ పిచ్చి ఎక్కణ్ణుంచి పట్టిందంటే.. కొన్నేళ్ళ క్రితం న్యూజెర్సీలో ఆన్‌సైట్‌లో ఉన్నప్పుడు మా టీములో ఒకాయన వాళ్ళింటికి పస్కా భోజనానికి పిలిచాడు. పస్కా అంటే మన క్రైస్తవ మిత్రులందరికీ తెలుసు, నిర్గమకాండంలోది. ఐగుప్తులో బానిసలుగా ఇటుకలు చేసిన జనం మోషే వెనక బయటపడ్డ రాత్రి. భోజనానికి పిలిచారు కదా అని ఆకలితో వెళ్తే, అన్నం ముందు రెండు గంటలు కథే నడిచింది. ఇంట్లో అందరికన్నా చిన్నపిల్ల లేచి ఈ రాత్రి ప్రత్యేకత ఏంటని అడుగుతుంది, పెద్దవాళ్ళు చెప్పాలి. తప్పించుకోడానికి లేదు. మధ్యలో ముల్లంగి జాతి ఘాటు దుంప ఒకటి తురిమి, దాన్ని ఈ తీపి ముద్దలో ముంచి ఇచ్చారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఎక్కువ అద్దుకోకు, దులిపేసి తిను, చేదు పోకూడదు" అన్నాడాయన. ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది.

తమాషా ఏంటంటే, నిర్గమకాండంలో ఈ హరోసెత్ ఊసే లేదు. 12వ అధ్యాయంలో కాల్చిన మాంసం, పులియని రొట్టెలు, చేదు కూరలు, ఈ మూడే. సామాన్య శకం 70లో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని నాశనం చేశాక బలి అనేది ఆగిపోయింది, పండగ గుడి నుంచి ఇంటి బల్ల మీదికొచ్చింది. సుమారు 200 ప్రాంతంలో కూర్చిన మిష్నాలో హరోసెత్ కనిపిస్తుంది, అదీ తగాదాతో. ఇది విధి కాదని అందరూ అంటే, సాదోక్ కొడుకు ఎలియేజరు మాత్రం కాదు విధేనన్నాడు. విధి కాకపోతే ఎందుకు తింటున్నట్టు అని తర్వాతి తరాల పండితులు తాల్ముద్‌లో తలలు బద్దలుకొట్టుకున్నారు. ఒకాయన ఆ చేదు ఆకులోని దోషానికి విరుగుడు అన్నాడు. లేవీ అనే ఆయన, ఐగుప్తులో ఆడవాళ్ళు ఆపిల్ చెట్ల కింద రహస్యంగా పిల్లల్ని కన్నారు, దానికి గుర్తు అన్నాడు. యోహానాన్ మాత్రం, కాదు, ఇటుకల బంకమట్టికి గుర్తు అన్నాడు. చివరికి 4వ శతాబ్దపు అబ్బయే అనే ఆయన, పుల్లగానూ చెయ్యండి, చిక్కగానూ చెయ్యండి, పులుపు పండుకి, చిక్కదనం మట్టికి అని తేల్చాడు. రిక్వైర్మెంట్లు రెండూ వినేసి ఒకే బిల్డులో ఇచ్చేయడమంటే ఇదే :) ఆ పేరు కూడా హీబ్రూలో మట్టి పెంకుకి వాడే మాట నుంచి వచ్చిందంటారు.

ఈ మట్టి కథలో ఇంకో ముక్కుంది, మన ఐటీ జనాలకి బాగా అర్థమయ్యేది. 5వ అధ్యాయంలో ఫరో ఇటుకల్లో కలిపే గడ్డి ఇవ్వడం ఆపేస్తాడు. గడ్డి మీరే ఏరుకోండి, ఇటుకల లెక్క మాత్రం ఒక్కటి కూడా తగ్గడానికి వీల్లేదంటాడు. రిసోర్సులు కట్, డెడ్‌లైన్ మాత్రం అదే. అందుకే హరోసెత్‌లో దాల్చినచెక్క, అల్లం లాంటివి పీచుపీచుగా వేస్తారు, ఆ గడ్డికి గుర్తుగా. 12వ శతాబ్దంలో మైమోనిడెస్ చెప్పిన పద్ధతి మరీ సూటిగా ఉంటుంది: ఖర్జూరాలు, ఎండు అత్తిపళ్ళు, ఎండుద్రాక్షలు తొక్కి, వెనిగర్ పోసి, మట్టిలో గడ్డి కలిపినట్టు మసాలా కలపమన్నాడు.

తర్వాత ఎవరి ఊళ్ళో దొరికింది వాళ్ళు వేసుకున్నారు. తూర్పు యూరప్ వాళ్ళకి ఆపిల్, అక్రోటు, దాల్చినచెక్క, తియ్యటి ద్రాక్షసారా. బాగ్దాద్ వాళ్ళు ఖర్జూరాలు ఉడికించి, గుడ్డలో పిండి, ఆ రసాన్ని పాకంలా మరిగించి పైన గింజలు చల్లుతారు. వాళ్ళే తర్వాత బొంబాయి, కలకత్తాలకి వచ్చారు. కొచ్చిన్ యూదులదీ దాదాపు ఈ ఖర్జూర పాకం దారే. అన్నిటికన్నా నాకు నచ్చింది 1862 నాటిది. అమెరికా అంతర్యుద్ధంలో ఒహాయో 23వ దళం యూదు సైనికులు పశ్చిమ వర్జీనియా కొండల్లో పస్కా చేసుకున్నారు. హరోసెత్‌కి సరుకులు దొరకలేదు. బల్ల మీద ఏకంగా ఒక ఇటుక పెట్టుకున్నారట! తినలేం గానీ, సంగతి గుర్తుకు తెస్తుంది కదా అని.

ఇక మన సంగతి. చైత్ర పౌర్ణమి అని ఊరికే అనలేదు. వాళ్ళ పస్కా నీసాను నెల 15న, అంటే పౌర్ణమికి. మన ఉగాది అయిన రెండు వారాలకు. 2023, 2024, 2025 మూడేళ్ళూ అంతే. వాళ్ళకీ చంద్రుడి నెలలే, వాళ్ళకీ అధికమాసం ఉంది, 19 ఏళ్ళలో 7 సార్లు. కాకపోతే మన అధికమాసం, వాళ్ళది ఒకే ఏడు రావాలని లేదు కాబట్టి అప్పుడప్పుడు సింక్ తప్పుతుంది. 2021లో పస్కా మార్చి 27 సాయంత్రమే వచ్చేసింది, మన ఉగాది ఏప్రిల్ 13న. ఇది చదివి "చూశారా, యూదులు మన దగ్గర్నుంచే.." అని వాట్సాప్‌లో తిప్పేవాళ్ళకి దణ్ణం. ఉగాది పచ్చడికీ హరోసెత్‌కీ చుట్టరికం లేదు. మనం వేపపువ్వుని బెల్లంలో, చింతపండులో కలిపేస్తాం, చేదూ తీపీ ఒకే గిన్నెలో ఉంటాయి. వాళ్ళు రెండిటినీ వేర్వేరు గిన్నెల్లో పెట్టి, నోట్లో కలుపుకుంటారు. పైగా మన చేదు జీవితంలో వచ్చే ఏ కష్టమైనా కావచ్చు, పంచాంగం చెబుతుంది. వాళ్ళ చేదుకి ఒక ఊరు, ఒక యజమాని ఉన్నాయి.

యూదులకీ మా ఊరికీ ఏం సంబంధం అనుకోకండి, ఉంది. మా పక్కూరు పరిటాల. ఇప్పుడు పెద్ద ఆంజనేయుడి విగ్రహం, రాళ్ళ క్వారీల దుమ్ము గానీ, ఒకప్పుడు గోల్కొండ వజ్రాల గనుల్లో పేరున్నది. కోస్తా అంతా ఇంగ్లీషువాళ్ళకి వదిలేసిన నిజాం, పరిటాలని మాత్రం 1948 దాకా వదల్లేదు. ఆ వజ్రాల కోసమే 17వ శతాబ్దంలో లండన్, ఆమ్‌స్టర్‌డాం, లివోర్నోల నుంచి పోర్చుగీసు యూదు వర్తకులు మద్రాసులో దిగారు. జాక్ డి పైవా అనే ఆయన గోల్కొండ గనుల దాకా వెళ్ళొచ్చి 1687లో మద్రాసులో చనిపోయాడు. 1688లో మద్రాసు కార్పొరేషన్ పెడితే మొదటి ఆల్డర్‌మెన్‌లో రోడ్రిగ్స్, డో పోర్టో, ఫొన్సెకా అని యూదు వర్తకులున్నారు. వాళ్ళ సంతతి మాత్రం ఇక్కడ నిలవలేదు.

తెలుగు మాట్లాడే యూదులు మాత్రం ఇప్పుడున్నారు. మాకు రెండు గంటల దూరంలో, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో. తమని బెనె ఎఫ్రాయిమ్, అంటే ఎఫ్రాయిము సంతానం అనుకుంటారు. కొన్ని పదుల కుటుంబాలు, మాదిగలు. 1980ల చివర్లో షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ములు, మనం ఇశ్రాయేలు తప్పిపోయిన గోత్రాల్లో ఒకళ్ళం అని చెప్పడం మొదలుపెట్టారు. 1991లో అక్కడ సినగాగ్ వెలిసింది. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు ఆ పల్లె మీద పరిశోధన చేసి 2013లో పుస్తకం వేశారు. వంశం నిజమా కాదా అన్నది వాళ్ళు తేల్చలేదు, అదసలు వాళ్ళ ప్రశ్నే కాదు. ఇదంతా ఇశ్రాయేలు వీసా కోసమని నవ్వేసే మిత్రులు నాకూ ఉన్నారు. ఒక్క విషయం చూడండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే, 1956లో సిక్కులనీ, 1990లో బౌద్ధులనీ చేర్చారు. యూదులు ఆ జాబితాలో లేరు. అంటే కాగితం మీద యూదుణ్ణని రాయించుకుంటే లాభం మాట దేవుడెరుగు, ఉన్నదే పోయే ప్రమాదం. అయినా ఆ కథ వాళ్ళకి ఎందుకు పట్టిందంటే, నా మటుకు నాకు కారణం ఆ ఇటుకలే అనిపిస్తుంది. మనం పుట్టుకతో తక్కువవాళ్ళం కాదు, మనల్ని పట్టుకొచ్చి చాకిరీ చేయించారు, ఒకరోజు బయటపడ్డాం అని చెప్పే కథ అది. కర్మ సిద్ధాంతంలో ఆ వెసులుబాటు లేదు.

సరే, అమ్మ వంటింట్లోకి పోదాం. అరకిలో గింజల్లేని ఖర్జూరాలు వేణ్ణీళ్ళలో గంట నానబెట్టా. ఆపిల్ వెయ్యాలా వద్దా అని తటపటాయిస్తుంటే అమ్మ స్నేహితురాలు, చర్చికి వెళ్ళే ఆంటీ, ఒక మాటన్నారు: మా బైబిల్లో పరమగీతంలో ఆ చెట్టు ఆపిల్ కాదయ్యా, జల్దరు అని ఉంటుంది. వెతికితే నిజమే! జల్దరు అంటే ఖుబానీ. ఆ హీబ్రూ మాటకి అసలు అర్థం ఆపిలా ఖుబానీయా అని పండితులూ ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. హైదరాబాదు నుంచి తెచ్చిన ఎండు ఖుబానీలు ఇంట్లో ఉన్నాయి, గుప్పెడు వేశా. మిక్సీలో తిప్పితే మరీ మెత్తగా హల్వా అయిపోతోంది, అందుకని రోట్లో దంచా. అక్రోట్లు, జీడిపప్పు కచ్చాపచ్చాగా. అల్లం సన్నగా చీల్చి, దాల్చినచెక్క చిదిమి. వెనిగర్ బదులు నిమ్మరసం. చేదుకి వేపపువ్వు పెడదామనుకున్నా గానీ, ఉగాది అయిపోయి రెండు వారాలైంది, చెట్టు కింద రాలిందే దొరికింది. అదే ఏరా.

"ఏందిరా ఇది, గోడకి మెత్తే మట్టిలా ఉంది" అంది అమ్మ. పరీక్ష పాసైనట్టే.

తింటూ వాళ్ళ కథ చెప్పా, చిన్నపిల్లలు అడగాలి, పెద్దలు చెప్పాలి అని. ఇక్కడో సంగతి చెప్పాలి. 1968లో మా ఊళ్ళో కోటేశు అనే దళిత యువకుణ్ణి దొంగతనం అంటగట్టి సజీవంగా తగలబెట్టారు. రాష్ట్రమంతా తెలిసిన ఘోరం. మా ఊరివాడే అయిన కలేకూరి ప్రసాద్ కవిత్వంలో ఆ పేరుంది. నేను మాత్రం ఆ పేరు విన్నది ఇంజనీరింగు హాస్టల్లో, వేరే జిల్లా కుర్రాడు "మీది కోటేశు ఊరా" అని అడిగినప్పుడు. మా ఇంట్లో, మా వీధిలో, పద్దెనిమిదేళ్ళు ఒక్కళ్ళు ఆ మాటెత్తలేదు. మేం తగలబడ్డ వైపు వాళ్ళం కాదు మరి.

ఆ సాయంత్రం నాన్నని అడిగా. ఆయన చెంచాతో ముద్దని కాసేపు కెలికి, "అప్పుడు నాకు పదేళ్ళు. రెండ్రోజులు ఇంట్లోంచి కదలనివ్వలేదు" అన్నారు. ఎందుకు కదలనివ్వలేదని ఆయన అడగలేదట, ఎవరూ చెప్పలేదట. బడికి వెళ్ళాక తోటి పిల్లలు చెబితే తెలిసిందట. ఇంకా చాలా చెప్పారు, కొన్ని ఇక్కడ రాయలేను. మా అన్నయ్య కూతురు, తొమ్మిదేళ్ళది, గిన్నె పట్టుకుని అక్కడే కూర్చుని ఉంది. లోపలికి పొమ్మని అమ్మ రెండుసార్లు అంది. అది కదల్లేదు. వేపపువ్వు మీద ఆ ముద్ద కాస్త అద్దుకుని తిని మొహం చిట్లించి, "ఆ తర్వాతేమైంది తాతయ్యా" అంది.