హైమన్‌డార్ఫ్ తీసిన మా కొండలు

మా నాన్న భద్రాచలంలో చిన్న ఫొటో స్టూడియో నడిపేవాడు. గుడికొచ్చిన కొత్త జంటలు, గుండు చేయించుకున్న పిల్లలు, శ్రీరామనవమికి వచ్చే జనం. బతుకుతెరువంతా అదే. రెండు కళ్ల యాషికా కెమెరా, 120 ఫిల్ము, రోలుకి పన్నెండు ఫొటోలు. బేరం లేని రోజుల్లో మాత్రం లాంచీ ఎక్కి కూనవరం దిగువకి, పాపికొండల వైపు వెళ్లిపోయేవాడు. అక్కడ తీసిన ఫొటోలకి డబ్బులిచ్చేవాళ్లు ఎవరూ ఉండరు. "ఎందుకండీ ఆ ఫిల్ము దండగ" అని అమ్మ సణిగేది. ఆయన నెగటివులు కోసి, కాయితం సంచుల్లో పెట్టి, పైన ఊరి పేరు రాసి రేకు పెట్టెలో దాచేవాడు.

1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకి వచ్చింది. నీళ్లు తీశాక ఆ పెట్టె తెరిచాం. తడిసిన ఫిల్ము ఒకదానికొకటి అంటుకుపోయి బెల్లపు అచ్చులా తయారైంది. నాన్న దాన్ని విడదీయడానికి కూడా ప్రయత్నించలేదు.

చాలా ఏళ్ల తర్వాత, లండన్‌లోని సోయస్ అనే విద్యాసంస్థ తన గ్రంథాలయంలోని ఫొటోలను ఇంటర్నెట్‌లో పెట్టిందని తెలిసి వెతికాను. పాపికొండలు, కొండరెడ్లు, 1940ల తొలినాళ్లు. కర్రతో గుంట పొడిచి గింజ వేస్తున్న మనుషులు, వెదురు తడికల ఇళ్లు, పోడు కొట్టిన ఏటవాలు. నిజం చెప్పాలంటే మొదట నాకు కలిగింది సంతోషం కాదు, కుళ్లు. మా ఊరికి ఇంత దగ్గరి కొండలు అంత దూరంలో, ఏ వరదా అందని చోట, భద్రంగా ఉన్నాయి.

ఆ ఫొటోలు తీసినాయన క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్. 1909లో వియన్నాలో పుట్టాడు. వృత్తి మానవశాస్త్రం. కానీ జీవితంలో ఎక్కువ భాగం నడకలో, మెడలో కెమెరాతో గడిచింది. 1936-37లో నాగా కొండల్లో కొన్యాక్‌ల మధ్య పనిచేశాడు. 1938లో ఆస్ట్రియాను హిట్లర్ జర్మనీలో కలుపుకోవడంతో ఆయన చేతికి జర్మన్ పాస్‌పోర్టు వచ్చింది. మరుసటి ఏడు ఇండియాకి తిరిగొచ్చేసరికి యుద్ధం మొదలైంది. బ్రిటిష్‌వాళ్ల లెక్కలో ఆయన శత్రుదేశీయుడు. అయితే జైలు కంచె వెనక కూర్చోబెట్టకుండా, నిజాం రాజ్యంలో ఉండి పని చేసుకొమ్మన్నారు. ఆయనకి ఇక్కడి అడవుల మీద మొదటి నుంచీ మోజు ఉండేదని మనవాళ్లు కొందరు రాస్తుంటారు. నాకలా అనిపించదు. యుద్ధం లేకపోతే ఆయన మళ్లీ నాగాల దగ్గరికే పోయేవాడేమో. ఒక పాస్‌పోర్టు గొడవ వల్ల మనకి ఆ ఫొటోలు దక్కాయి.

ముందు నల్లమల చెంచులు, తర్వాత కొండరెడ్లు, ఆ తర్వాత ఆదిలాబాద్ గోండులు. ఈ మూడు మజిలీల నుంచి మూడు లావుపాటి పుస్తకాలొచ్చాయి. రెడ్ల పుస్తకం 1945లో వచ్చింది. దాని పేరులో ఉన్న 'బైసన్ హిల్స్' మన పాపికొండలే. ఆయన భార్య బెట్టీ కూడా వెంట నడిచింది, ఆ పుస్తకం మీద ఆమె పేరూ ఉంది. ఆడవాళ్లు కెమెరా ముందు అంత తీరిగ్గా ఉండడానికి ఆమె పక్కన ఉండడం ఒక కారణమని ఒక ఫొటోగ్రాఫరుగా నా ఊహ.

ఇక్కడ మ్యాపు గురించి కాస్త చెప్పాలి, లేకపోతే ఆయన ఏ రాజ్యంలో తిరిగాడో అర్థం కాదు. అప్పట్లో గోదావరికి కుడి ఒడ్డు నిజాంది: వరంగల్ జిల్లా, పాల్వంచ తాలూకా. ఎడమ ఒడ్డు మద్రాసు ప్రెసిడెన్సీది. ఒకే ఇంటిపేరు వాళ్లు, ఒకరికొకరు పిల్లనిచ్చి పుచ్చుకునేవాళ్లు, రెండు సర్కార్ల కింద ఉన్నారు. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం తూర్పుగోదావరి నుంచి ఖమ్మంలోకి వచ్చింది. 2014లో పోలవరం కోసం ఏడు మండలాల ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. భద్రాచలం పట్నం మటుకు తెలంగాణలో మిగిలింది. హైమన్‌డార్ఫ్ రాసిన పేరంటపల్లి, కాకిసనూరు ఆ ఏడింటిలో ఒకటైన వేలేరుపాడు మండలంలోవి, ఇప్పుడు ఏలూరు జిల్లా. కొండ కదల్లేదు గానీ దాని చిరునామా ఎన్నిసార్లు మారిందో!

ఆయనకి ముందు కూడా మన అడవుల్లోకి కెమెరాలు వచ్చాయి. 1902లో వైస్రాయి కర్జన్ వరంగల్ దగ్గర నెక్కొండ అడవిలో వేటాడాడు. చచ్చిన పులి వెనక కర్జన్, ఆయన భార్య నిలబడ్డ ఫొటో చాలామంది చూసే ఉంటారు. అది లాలా దీన్‌దయాళ్ స్టూడియోది. అందులో పులి ఉంది, దొర ఉన్నాడు. పులిని అక్కడిదాకా తోలిన జనం ఆ ఫ్రేములో లేరు. మద్రాసులో థర్‌స్టన్ ఇంకో రకం. 1909లో ఆయన కులాల గురించి, తెగల గురించి ఏడు సంపుటాలు వేశాడు. మనుషుల ముక్కులు, తలలు కొలిచాడు. ఆ ఫొటోల్లో నిలబడ్డవాళ్లు కొలతకి నిలబడ్డట్టే ఉంటారు.

హైమన్‌డార్ఫ్ ఫొటోలు వీటిలా ఉండవు. గొప్ప కళాఖండాలని నేననను. కొన్నింట్లో ఎండ మరీ నెత్తిమీద ఉంటుంది. పోడు కొట్టిన నేల తెల్లగా కాలిపోయి, మొహాలు నల్లగా మునిగిపోతాయి. అడవిలో మధ్యాహ్నం తీస్తే ఎవరికైనా ఇంతే, మా నాన్నా ఇదే తిట్టుకునేవాడు. కానీ చాలా ఫొటోల్లో మనుషులు కెమెరా వైపు చూడరు. వాళ్ల పని వాళ్లు చేసుకుంటుంటారు. కెమెరా పట్టుకున్నవాడు కొత్తవాడైతే అలా జరగదు. సంతలో నేను కెమెరా తీస్తే చాలు, అందరూ బిగుసుకుపోయి నిలబడతారు. ఆ బిగువు పోవాలంటే రోజుల తరబడి అక్కడే తిని, అక్కడే పడుకోవాలి. ఆయన చేసిన పని అదే.

అలాగని ఆ ఫొటోలు మాత్రమే చూసినవాళ్లు ఒక పొరపాటు పడతారు. నేనూ పడ్డాను. పోడు, జీలుగు కల్లు, మామిడి టెంకల జీడి దంచి కాచుకునే అంబలి, సవారీ లేని నిదానమైన బతుకు. ఎంత ప్రశాంతం అనిపిస్తుంది. పుస్తకం చదివితే ఇంకో కథ. ఏటి ఒడ్డు రెడ్లు అప్పటికే కలప వ్యాపారుల చేతుల్లో ఉన్నారు. కూపుల్లో కొట్టిన కలప, వెదురు తెప్పలుగా కట్టి గోదావరి మీద రాజమండ్రికి దించేవాళ్లు. ముందుగా ఇచ్చిన బయానా అప్పుగా మారేది. ఆ అప్పు తీరేది కాదు. పోడు చేసుకోవాల్సిన రోజుల్లో మనిషి కూపులో ఉండేవాడు. కొండ మీద రెడ్డికీ ఒడ్డున రెడ్డికీ మధ్య తేడా అక్కడే మొదలైందని ఆయన వివరంగా రాశాడు. నిజాం ప్రభుత్వానికి నివేదికలూ ఇచ్చాడు. వాటిని 1945లో 'ట్రైబల్ హైదరాబాద్' పేరుతో అచ్చువేశారు. అప్పుకి ఫొటో ఉండదు. తెప్ప మీద నిలబడ్డ మనిషిని ఎంత బాగా తీసినా, అతని కాలికి కట్టిన బాకీ నెగటివులోకి రాదు. అది రావాలంటే కింద నాలుగు మాటలు రాయాలి. ఆయన రాశాడు గానీ, ఇప్పుడు ఫొటో ఒకచోట, రాత ఇంకోచోట ఉన్నాయి. ఫోనులో ఫొటోలు తిప్పుకుంటూ పోయేవాడు ఆ లావు పుస్తకం తెరవడు.

ఆ తర్వాత ఆయన దారి మంచుకొండల వైపు మళ్లింది. 1944లో సుబన్‌సిరి లోయలో ఆపాతానీల దగ్గరికి వెళ్లాడు. మధ్యలో హైదరాబాద్ ప్రభుత్వానికి గిరిజన సలహాదారుగా పనిచేశాడు, ఉస్మానియాలో పాఠాలు చెప్పాడు. 1953లో నేపాల్‌లో షెర్పాల మధ్య ఉన్నాడు. 1970ల చివర మళ్లీ మన ప్రాంతాలకొచ్చి, ఏం మిగిలిందో చూసి, 1982లో ఇంకో పుస్తకం రాశాడు. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో చనిపోయింది. ఆమె సమాధి ఆదిలాబాద్ వైపు మార్లవాయిలో, గోండుల మధ్య ఉంది. ఆయన 1995లో లండన్‌లో పోయాడు.

ఇక నా సంగతి. పోలవరం పరిహారం దరఖాస్తులకి ఫొటోలు కావాలంటే కొన్నాళ్లు వేలేరుపాడు వైపు ఊళ్లు తిరిగాను. డ్యాము నిండితే నీటిమట్టం 150 అడుగులు. పేరంటపల్లి, కొయిదా, కట్కూరు లాంటి ఊళ్లు ముంపులోకి వస్తాయి. పని సులువే: గోడకి తెల్లగుడ్డ కట్టడం, ముందు మనిషిని నిలబెట్టడం, నొక్కడం. ఒక్కోరోజు నూటికి పైగా మొహాలు.

ఒక ఊళ్లో ఒక కొండరెడ్డి పెద్దాయనకి ఫోనులో ఆ లండన్ ఫొటోలు చూపించాను. వాళ్ల తాతలెవరైనా గుర్తొస్తారేమోనని నా ఆశ. కింద రాసిన వాటిలో నేను చూసినంతవరకు ఊరూ తెగా ఏడూ ఉన్నాయి గానీ, చాలావాటిలో మనిషి పేరు లేదు. ఆయన మొహాల వైపు చూడనే లేదు.

"మడుసుల్ని పక్కకి జరుపు బాబూ, ఎనకాల కొండ చూపియ్యి."

వేళ్లతో పెద్దది చేశాను. సైటులో పెట్టింది చిన్న సైజు కాపీ, కొండ కాస్తా బూడిదరంగు చుక్కలైపోయింది.

"కానరాటం లేదు తాతా. అసలుది లండన్లో ఉంది."

"ఆడికి పోతే కానొచ్చిద్దా?"

"కానొస్తది."

ఆయన ఇంకాసేపు ఆ చుక్కల్నే చూశాడు. పోడు ఎటు పక్క మొదలెట్టారో చెబితే అది ఏ కొండో చెప్పేస్తానన్నాడు. చెట్టు నీడ పడ్డ వైపు చూసి ఇది పొద్దుటి పూట కాదు, సందేళ అన్నాడు. ఆ మాట నాకు తట్టనే లేదు. ఇన్నేళ్లుగా వెలుగుతో పనిచేస్తున్నవాణ్ణి, మధ్యాహ్నపు ఎండ అనుకుని ఆ ఫొటోని తప్పుపట్టేశాను.

తర్వాత ఆయన వంతు వచ్చింది. తెల్లగుడ్డ ముందు నిలబెట్టి ఒకటి తీశాను. వెళ్లబోతూ ఆగి, "ఆ గుడ్డ తీసేసి ఒకటి తీ" అన్నాడు. గుడ్డ విప్పాను. అది గోడకి కాదు, రెండు గుంజలకి కట్టింది. వెనక ఏరు, ఏటి అవతల కొండ. కొండ మొత్తం రావాలంటే మనిషి చిన్నగా వస్తాడని చెప్పాను. రానీ అన్నాడు.

దరఖాస్తుకి పనికొచ్చింది మొదటిదే. రెండోదాన్ని అచ్చు తీయించి, వెనక ఆయన పేరు, ఊరి పేరు, తారీఖు, సాయంత్రం అయిదు గంటలు అని రాసి, తర్వాతి వారం లాంచీలో పంపాను. ఒక కాపీ నా దగ్గర ఉంది. 2022 జులైలో గోదావరి మళ్లీ 71.3 అడుగులకి వచ్చినప్పుడు ముందుగా మేడ మీదికి ఎక్కించిన సామాన్లలో అదొకటి.