తిరిగి వచ్చిన సిపాయి, అతని నడక

యుద్ధాలకు చరిత్రకారులు తేదీలు వేస్తారు. ఫలానా రోజున మొదలైంది, ఫలానా రోజున సంధిపత్రం మీద సంతకాలు పడ్డాయి, అంతటితో ఒక అధ్యాయం ముగిసింది అంటారు. రాజ్యాల విషయంలో ఇది నిజమే కావచ్చు. కాని ఆ యుద్ధం చేసిన మనిషి విషయంలో అది ఏ రోజున ముగిసింది? తుపాకి అప్పగించి, యూనిఫారం మడతపెట్టి, రైలు దిగి వూళ్ళో అడుగుపెట్టిన రోజునా? లేక ఆ తర్వాత ఎన్నో యేళ్ళకా? అసలు ముగిసిందా? ఈ ప్రశ్నను మన గోదావరి జిల్లాల చరిత్ర ముందు పెట్టి చూడాలనేది ఈ వ్యాసంలో నా ప్రయత్నం.

గోదావరి డెల్టా అనగానే మనకు గుర్తొచ్చేది వరి చేను, కొబ్బరి తోట, ధవళేశ్వరం ఆనకట్ట. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ ఆనకట్టను కట్టించిన కాటన్ స్వయంగా సైన్యంలోని ఇంజనీరు. అయినా ఈ నేలను సైనికుల నేలగా ఎవరూ చెప్పుకోరు. చెప్పుకోకపోవడానికి చారిత్రక కారణం వుంది. ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో వుండేవారు. 1824లో మొదలైన తొలి బర్మా యుద్ధంలో ప్రధానంగా పోరాడింది ఆ సైన్యమే. పందొమ్మిదో శతాబ్దం చివరికి వచ్చేసరికి తెల్లదొరలు ఒక కొత్త సిద్ధాంతం లేవదీశారు. కొన్ని జాతులు పుట్టుకతోనే యుద్ధవీరులనీ, తక్కినవి కావనీ దాని సారాంశం. 1885 నుంచి 1893 వరకు భారత సైన్యానికి సేనాధిపతిగా వున్న లార్డ్ రాబర్ట్స్ దీనికి పెద్ద దిక్కు. దీర్ఘకాలం శాంతిలో బతికిన దక్షిణాది మనిషిలో పోరాటగుణం చచ్చిపోయిందని ఆయన తీర్పు. ఆ తీర్పు ఫలితంగా దక్షిణాది పటాలాలు క్రమంగా తగ్గిపోయాయి. 1920ల చివరికల్లా మద్రాసు రెజిమెంటులోని పదాతి దళాలు రద్దయ్యాయి.

అయితే అవసరం వచ్చినప్పుడు సామ్రాజ్యం తన సిద్ధాంతాలను తానే మింగగలదు. 1939లో సుమారు రెండు లక్షలున్న భారత సైన్యం 1945 నాటికి పాతిక లక్షలయింది. వీరజాతుల లెక్క చూసుకుంటూ కూర్చుంటే అంతమంది ఎక్కణ్ణుంచి వస్తారు? మద్రాసు రెజిమెంటు మళ్ళీ లేచింది. పంజాబు తర్వాత అత్యధికంగా మనుషులను ఇచ్చిన ప్రాంతాల్లో మద్రాసు రాష్ట్రం ఒకటి. రోడ్లు వేసేవాళ్ళు, వంతెనలు కట్టేవాళ్ళు, లారీలు నడిపేవాళ్ళు, బరువులు మోసేవాళ్ళు అందులో ఎక్కువమంది.

పశ్చిమగోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే వూరుంది. జనం దాన్ని మిలిటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచయుద్ధానికి ఆ వూరినుంచి తొంభై మంది, రెండో యుద్ధానికి వెయ్యిమందికి పైగా వెళ్ళారని వూరివాళ్ళు చెప్పుకుంటారు. ఇప్పటికీ అక్కడ తరతరాలుగా సైన్యంలో వున్న కుటుంబాలున్నాయి. పొద్దున్నే పరుగులు తీసే కుర్రవాళ్ళున్నారు. ఆ వూరి గురించి పత్రికలు రాసినప్పుడల్లా ఎంతమంది వెళ్ళారో రాస్తాయి. తిరిగి వచ్చినవాళ్ళు ఎలా బతికారో రాయవు. వీరత్వానికి లెక్కలున్నాయి, తిరిగి రావడానికి లెక్కలు లేవు.

ఈ జిల్లాల మనిషికి యుద్ధం ఏ రూపంలో ఎదురయిందో తెలుసుకోవాలంటే బర్మా వైపు చూడాలి. కోరంగి, కాకినాడ రేవులనుంచి ఓడలెక్కి రంగూనుకు కూలికి పోవడం ఈ తీరంలో తరాల నాటి అలవాటు. బర్మావాళ్ళు తెలుగువాళ్ళను పిలిచిన పేరు కూడా ఆ కోరంగి పేరునుంచే పుట్టింది. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ మధ్య జరిగిన కొట్లాటల్లో ఎందరో చచ్చిపోయారు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేశాయి. ఆ తర్వాత కొద్ది నెలల్లో లక్షలాది భారతీయులు ఇండియా దారి పట్టారు. డబ్బున్నవాళ్ళు ఓడ ఎక్కారు. లేనివాళ్ళు నడిచారు. కలేవా మీదుగా, తము మీదుగా, ఇంఫాలు కొండలు దాటి, దీమాపూరు రైలు స్టేషను చేరేదాకా నడిచారు. కలరా, మలేరియా, ఆకలి ఆ దారి పొడవునా వాళ్ళను కోసుకుతిన్నాయి. ఎన్ని వేలమంది పోయారో ఎవరూ సరిగ్గా లెక్కపెట్టలేదు.

రెండేళ్ళు తిరిగేసరికి ఆ దారిలోనే సైన్యం ఎదురునడక నడిచింది. 1944లో ఇంఫాలు దగ్గర జపానువాళ్ళను ఆపి, ఆ యేడు చివర తము, కలేవాల మీదుగా బర్మాలోకి దిగింది. కూలి పారిపోయి వచ్చిన బాటలో సిపాయి కవాతు చేస్తూ వెళ్ళాడు. ఇద్దరూ పేదలే, ఇద్దరివీ చెప్పులు అరిగిన కాళ్ళే. చరిత్ర పుస్తకంలో మొదటిది కాందిశీకుల కథ, రెండోది విజయగాథ. పాదాలకు మాత్రం ఆ తేడా తెలియదు.

యుద్ధం ముగిశాక సిపాయి ఇంటికి వచ్చాడు. ఎలా వచ్చాడో గమనించాలి. కాయితాల మీద సంతకం, చేతిలో కాసింత సొమ్ము, ఒక రైలు టిక్కెట్టు. తాడేపల్లిగూడెంలోనో, నిడదవోలులోనో దిగాడు. యుద్ధకాలానికని చేరినవాళ్ళలో అత్యధికులకు సర్వీసు పింఛను లేదు. ఏ కౌలు చేను, ఏ అప్పు భరించలేక వెళ్ళాడో ఆ చేను, ఆ అప్పు అలాగే వున్నాయి. కొత్తగా వచ్చి చేరింది నిద్రపట్టని రాత్రి ఒకటే.

ఆ రాత్రికి పడమటి దేశాల్లో ఒక పేరు దొరికింది. 1915లో మైయర్స్ అనే వైద్యుడు లాన్సెట్ పత్రికలో షెల్ షాక్ అనే మాటను వాడాడు. ఆ తర్వాత పేర్లు మారుతూ వచ్చాయి. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దాన్ని తన వ్యాధుల పట్టికలో చేర్చి, ఘోరమైన అనుభవం తర్వాత మనసులో మిగిలిపోయే వొత్తిడిగా గుర్తించింది. మన వూళ్ళలో దానికి వేరే పేర్లుండేవి. గాలి సోకిందన్నారు. మతి చలించిందన్నారు. మిలిటరీ కోపం అన్నారు. పేరు పెట్టినవాళ్ళు మందు ఇవ్వలేదు. భూతవైద్యుణ్ణి పిలిచారు, లేదా సారా కొట్టు చూపించారు.

నా చిన్నతనంలో మా కాలవ గట్టు మీద అలాంటి మనిషి ఒకాయన వుండేవాడు. మేమంతా మిలిటరీ తాత అనేవాళ్ళం. బర్మాలో పనిచేశాడని మాత్రం అందరికీ తెలుసు. తెల్లవారకముందే చేతికర్ర పుచ్చుకుని గట్టు వెంట లాకుల దాకా నడిచి, పొద్దెక్కాక తిరిగి వచ్చేవాడు. వాన వచ్చినా, పండగ వచ్చినా ఆగేవాడు కాదు. "ఎందుకు తాతా రోజూ అంతదూరం?" అని ఒకసారి అడిగాను. "నడిస్తే రాత్రి పడుకుంటానురా అబ్బాయ్" అన్నాడు. అంతకుమించి ఏమీ చెప్పలేదు. పొలం పనివేళ దాటాక తిరిగి వచ్చేవాణ్ణి చూసి వూళ్ళో పెద్దమనుషులు పనిలేనివాడన్నారు. ఆ మనిషి ప్రతిరోజూ ఎంత పెద్ద పని చేస్తున్నాడో వాళ్ళకు తట్టలేదు.

సరిగ్గా అదే పనిని ప్రపంచానికి మరో కొసన ఒక అమెరికా సైనికుడు చేశాడు. ఎర్ల్ షేఫర్ పెన్సిల్వేనియా రాష్ట్రంలోనివాడు. పసిఫిక్ దీవుల యుద్ధంలో పనిచేశాడు. అతని ప్రాణస్నేహితుడు ఇవో జిమాలో చనిపోయాడు. యుద్ధానికి ముందు ఇద్దరూ కలిసి అపలాచియన్ కొండబాట నడవాలనుకున్నారు. 1948 ఏప్రిల్ 4న షేఫర్ ఒంటరిగా జార్జియాలో బయలుదేరి, ఆగస్టు 5న మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం చేరాడు. రెండువేల మైళ్ళ పైచిలుకు దూరం, 124 రోజులు. ఆ బాటను ఒకే విడతలో కొసదాకా నడిచినట్టు నమోదయిన మొదటి మనిషి అతనే. తనలోంచి సైన్యాన్ని నడకతో వదిలించుకోవాలనుకున్నానని అతను చెప్పుకున్నాడు. 1965లో ఎదురుదిశలో నడిచాడు. 1998లో, డెబ్బై తొమ్మిదేళ్ళ వయసులో, మూడోసారి నడిచాడు.

ఈ మూడు నడకలను చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. నడక ఒక్కసారి వేసి మానే మందు కాదు. 2012లో ఇరాకు, అఫ్ఘానిస్తాను యుద్ధాలనుంచి వచ్చిన షాన్ గోబిన్ అనే సైనికుడు అదే బాట నడిచి, తనవంటి మాజీ సైనికులను దీర్ఘ నడకలకు పంపే సంస్థను స్థాపించాడు. ఆ సంస్థ పంపే మనుషులు ఒక్కరే నడవరు, కలిసి నడుస్తారు. దారిలోని వూళ్ళు వాళ్ళకు అన్నంపెట్టి, పడక చూపిస్తాయి. ఇది గుర్తుంచుకోవలసిన విషయం. ఎదురెదురుగా కూర్చుని చెప్పలేని మాట పక్కపక్కన నడిచేటప్పుడు నోరు దాటుతుంది. అలిసిన వొంటికి నిద్ర వస్తుంది. ప్రతి వంపులో శత్రువును వెతికిన కన్ను మెల్లిగా చెట్టును చెట్టుగా చూడటం నేర్చుకుంటుంది. తీవ్రమైన జబ్బుకు వైద్యుడు కావలసిందే. నడక వైద్యుడికి తోడుగా నిలుస్తుంది.

వియత్నాం సైనికుల సంగతిలో ఇదే విషయం తలకిందులుగా కనబడుతుంది. రెండో ప్రపంచయుద్ధం నుంచి అమెరికా సైనికుడు తన దళంతో కలిసి వారాల తరబడి ఓడలో వచ్చాడు. వియత్నాం నుంచి ఒంటరిగా విమానమెక్కి ఒకటి రెండు రోజుల్లో ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు. యుద్ధానికీ ఇంటికీ మధ్య వుండవలసిన దారి మాయమయింది. నడక చేసేది ఆ దారిని మళ్ళీ వేయడం.

ఇదంతా అమెరికావాళ్ళ కొత్త పోకడ అని కొట్టిపారేసేవాళ్ళకు మన ఆచారాన్నే గుర్తుచేస్తాను. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని సామెత. రైలు రాకముందు కాశీ వెళ్ళి తిరిగి రావడమంటే నెలల ప్రయాణం, ప్రాణసందేహం. అలా వెళ్ళి బతికి వచ్చినవాణ్ణి వూరు వూరకే ఇంట్లోకి పోనివ్వలేదు. కాశీ సమారాధన జరిగింది; బంధువులు వచ్చారు, నలుగురికీ అన్నం పెట్టారు. మృత్యువు అంచుదాకా వెళ్ళిన మనిషిని బతికినవాళ్ళ మధ్యలోకి మళ్ళీ చేర్చుకునే పద్ధతి అది. దానికి తొడిగిన మతపు ముసుగును పక్కన పెడితే, లోపల వున్నది లోతైన సామాజిక జ్ఞానం. కాశీనుంచి వచ్చినవాడికి సమారాధన చేసిన వూరు ఇంఫాలునుంచి వచ్చినవాడికి ఏం చేసింది? యాత్రికుడి దుమ్ముకాళ్ళకు నీళ్ళిచ్చిన సంఘం సిపాయి దుమ్ముకాళ్ళను అడగనేలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు, రావాలి కూడా. నాలుగు నెలలు కొండల్లో తిరగడానికి తీరిక ఎవరికుంది? షేఫర్ పెళ్ళికాని యువకుడు. మన సిపాయికి భార్యాబిడ్డలు, కౌలు బాకీ, ఊడ్పుల కాలం. నిజమే. దీర్ఘ నడక తీరికగలవాడి వైద్యంగా మిగిలిపోతే దానితో మనకు పనిలేదు. కాని ఆ తీరికను సిపాయి ఎవరినుంచి అడుక్కోవాలి? అతణ్ణి యుద్ధానికి పంపడానికి రైలు, రేషను, జీతం యేళ్ళ తరబడి ఏర్పాటు చేయగలిగిన రాజ్యం, తిరిగి మనిషిగా మారడానికి నాలుగు నెలల తిండి ఏర్పాటు చేయలేదా? అందువల్ల ఇది ఆరోగ్యశాస్త్రానికి మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. మనిషి శ్రమను వాడుకున్నవాడు ఆ శ్రమ చేసిన గాయానికి బాధ్యుడా కాదా అనే పాత ప్రశ్నే ఇది.

ఈ ప్రశ్నకు ఇవాళ తొందర వచ్చిపడింది. 2022 జూన్‌లో ప్రభుత్వం అగ్నిపథ్ పథకాన్ని ప్రకటించింది. ప్రకటించిన నాటి నిబంధనల ప్రకారం, పదిహేడున్నర నుంచి ఇరవై ఒక్క యేళ్ళ మధ్య కుర్రవాళ్ళను నాలుగేళ్ళకు తీసుకుని, వాళ్ళలో నాలుగో వంతుకు మించకుండా కొనసాగించాలి. మిగిలినవాళ్ళు చేతికి వచ్చిన సొమ్ముతో, పింఛను లేకుండా ఇంటికి వస్తారు. 2022 చివర, 2023 మొదట్లో శిక్షణలో చేరిన తొలి జట్లకు 2026 చివర, 2027 మొదట్లో గడువు తీరుతుంది. మాధవరం వంటి వూళ్ళలో ఇక తిరిగి వచ్చే సిపాయి తలనెరిసిన తాత కాడు, ఇరవైల్లో వున్న కుర్రవాడు. వాడిముందు యాభై యేళ్ళ బతుకు వుంటుంది. ప్రతివాడూ గాయపడి వస్తాడని నేను అనను. కాని ప్రతివాడికీ ఒక తిరుగుదారి కావాలి.

ఆ దారి వేయడానికి మనకు అపలాచియన్ కొండలు అక్కర్లేదు. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా కాలవ గట్లున్నాయి. ఒకప్పుడు పడవలను తాళ్ళతో లాగుతూ మనుషులు నడిచిన బాటలవి. ఎగువకు పోతే పాపికొండలున్నాయి. భద్రాచలానికి కాలినడకన పోయే భక్తులకు మజ్జిగ పోసే అలవాటు మన వూళ్ళలో ఇంకా చావలేదు. పాత సిపాయిలూ కొత్త సిపాయిలూ కలిసి నడిస్తే, ఆ గట్ల మీది వూళ్ళు వాళ్ళను ఆపి భోజనం పెట్టి, వినగలిగితే, ఖర్చు స్వల్పం. దానికి కావలసింది వాళ్ళు ఎక్కడికో వెళ్ళి ఏదో మోసుకొచ్చారని ఒప్పుకునే నిజాయితీ.

ఈ విషయంలో రచయితల వంతు కూడా వుంది. యుద్ధం మీద మనం ఎంతో రాశాం. ఫాసిజాన్ని ఖండించాం, కరువును, నల్లబజారును చిత్రించాం. ఆ యుద్ధంనుంచి తిరిగి వచ్చి మన పక్కింట్లో నిద్రపట్టక దొర్లిన మనిషి గురించి రాసింది చాలా తక్కువ. మాధవరంలోనూ, చుట్టుపక్కల వూళ్ళలోనూ పెట్టెల అడుగున పాత ఉత్తరాలు, పతకాలు, డిశ్చార్జి కాయితాలు వుండే వుంటాయి. వాటిని దాచిన కొడుకులూ కోడళ్ళూ కూడా వృద్ధులవుతున్నారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళి, మీ నాన్న యుద్ధంలో ఏం చేశాడని కాక, తిరిగి వచ్చాక రాత్రుళ్ళు ఎలా గడిపాడని అడగవలసిన సమయం ఇదే.